మూడో కాగితం

ఇసకపల్లి,
14 అక్టోబరు 2024.

చెల్లీ ఏంజెలిన్,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా చెవులు తప్ప. నీ మోకాలు ఎలా ఉందో ముందు అది రాయి, తర్వాత మిగతావి.

నీ కవరు బుధవారం అందింది. పోస్టుమాన్ దాన్ని చేత్తో తూచి చూసి, "ఏందవ్వా, పొలం కాగితాలా?" అన్నాడు. నాకు లావు కవరు అంటేనే భయం. నీకేదో అయిందని, ఆస్పత్రి వాళ్లు రాశారని అనుకున్నాను. విప్పితే ఓడ బొమ్మలు. మన చర్చిని నాలుగు వరసలు పేర్చినా ఆ ఎత్తు రాదు.

కోడలు ఉషారాణి మూడు కాగితాలూ చదివి, తెలుగు చేసి, నా చెవిలో అరిచి చెప్పింది. అరిస్తే గానీ నాకు అందదు కదా. ఆ అరుపులకి ఎదురింటి ఆదిశేషమ్మ గోడ దగ్గరికి వచ్చి మొత్తం వినేసింది. "ఏమ్మే మగ్దలీనా, అల్లూరు బస్సెక్కాలంటేనే మూడుసార్లు వెనక్కి వచ్చి తాళం చూసుకుంటావు, నువ్వు ఓడెక్కుతావా?" అంది. దాని మాటలో తప్పేమీ లేదు.

నీకు అరవై ఏడు, నాకు డెబ్బై అయిదు. మస్కట్‌లో పాతికేళ్లు రోగుల మధ్య నిలబడి పనిచేశావు, పెళ్లి చేసుకోలేదు, ఏ సరదా ఎరగవు. ఒక్కసారి ఓడెక్కాలని నీకు ఉంటే నేను కాదనను. కాని నువ్వు రాసిందేమిటి? "ఎండలు ముదరకముందు మార్చిలో పోదాం. ఓడ కాలవ దాటే యాత్ర. మూడు కాగితాలు పంపుతున్నాను, ఏది కావాలో నువ్వే ఎంచుకో. నువ్వు రాకపోతే నేనూ పోను." ఈ చివరి మాట రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడు నేను రానంటే నీ ఆశ నేను తుంచినట్టు అవుతుంది.

నాకున్న అనుమానాలు రాస్తున్నాను. ఓడలో డాక్టరు ఉంటాడా? సైరను మోగితే నాకు వినపడదు, అప్పుడెలా? మన తిండి దొరుకుతుందా? ఓడమీద ఎవరైనా ప్రాణం విడిస్తే సముద్రంలో వేసేస్తారని ఆదిశేషమ్మ అంటోంది, నిజమా? పాస్‌పోర్టు మాత్రం ఉంది. యెరూషలేము యాత్రకని తీయించి, కరోనా వచ్చి ఆగిపోయాం చూడు, అదే. బీరువాలో తెల్ల గుడ్డలో చుట్టి పెట్టాను. ఇది రాయబోయే ముందు కూడా చూసుకున్నాను, ఉంది.

ఇక ఎంచుకోక తప్పదంటే, మొదటి కాగితం. సూయజు కాలవ. ఐగుప్తు, ఎర్ర సముద్రం, అవి బైబిల్లో ఉన్న చోట్లు, పోయినా పుణ్యమే. పైగా ఆ కాలవకి లాకులు లేవని ఉషారాణి చదివింది. మిగతా రెండూ పనామా అంట, రెండింటికీ లాకులున్నాయంట. అవి నాకు వద్దు. ఎందుకని అడగవద్దు.

గ్యాసు కట్టేసి పడుకుంటున్నావా?

నీ అక్క,
మగ్దలీనమ్మ.


వేలూరు,
25 అక్టోబరు 2024.

అక్కా,

గ్యాసు కట్టేస్తున్నాను. మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. ఓడలో డాక్టరు ఉంటాడు, ఇద్దరు నర్సులు కూడా, మూడో నర్సుని నేను. సైరను మోగితే నీ చెయ్యి పట్టుకుని లాగుతాను. పప్పన్నం దొరుకుతుందని ఏజెంటు ఒట్టేసి చెప్పాడు. ఎవరినీ సముద్రంలో వేయరు, ఆదిశేషమ్మ వదినకి ఆ కోరిక ఉంటే వేరే ఏర్పాటు చూసుకోమను.

ఇప్పుడు అసలు సంగతి. సూయజు కుదరదు. ఎర్ర సముద్రంలో గొడవలు జరుగుతున్నాయి కదా, ఓడల మీద క్షిపణులు పడుతున్నాయని టీవీలో నువ్వూ చూసి ఉంటావు. ఆ దారిన యాత్రల ఓడలు పోవడం లేదు. మళ్లీ ఎప్పుడు పోతాయో ఏజెంటు చెప్పలేనన్నాడు. మిగిలినవి రెండు కాగితాలు.

రెండోది పెద్ద ఓడ. కొత్తగా కట్టిన లాకులలోంచి పైకెక్కి, మధ్యలో ఒక పెద్ద చెరువులో ఆగి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. చెరువులో చిన్న పడవల మీద కిందికి దించి, ఊళ్లు చూపిస్తారు. మూడోది దానికంటే చిన్న ఓడ. వందేళ్ల నాటి పాత లాకులలోంచి పోతుంది. తెల్లవారగానే ఒక సముద్రంలో మొదలుపెట్టి, సాయంత్రానికి ఇంకో సముద్రంలోకి దిగుతుంది. అంతా పగటిపూటే, అంతా కళ్లతో చూడవచ్చు. పాత లాకులలో ఇరువైపులా గట్టుమీద పట్టాలుంటాయి. ఆ పట్టాల మీద చిన్న రైలింజన్లు నడుస్తూ, ఓడ గోడకి తగలకుండా ఇనప తాళ్లతో పట్టుకుంటాయట. నాకు మూడోదే ఇష్టం. అయినా ఎంచుకునేది నువ్వే అన్నాను, ఆ మాటమీదే ఉంటాను.

లాకుల మీద నాకెందుకంత మోజు అని నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. నాయన పడవ నడిపిన మనిషి. మనిద్దరం ఆ ఉప్పు పడవలోనే పెరిగాం. కాని నాకు పడవ గుర్తులేదు, కాలవ గుర్తులేదు, అమ్మ ముఖం గుర్తులేదు. నాకు గుర్తున్నదల్లా నీ చంక. నాయన ఒక్కసారి చెప్పాడు, "లాకులో పడవని ఎవురూ ఎత్తరు పాపా, నీళ్లే ఎత్తుకుంటాయి, మనం కదలకుండా కూచుంటే చాలు" అని. ఆ ఎత్తుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉంది. మన కాలవలో ఇప్పుడు ఆ అవకాశం లేదు.

జనవరి పదిహేనులోగా పేర్లు ఇవ్వాలి. ఆ తర్వాత నా మోకాలు ఇంకో ఏడాదికి ఒప్పుకుంటుందో లేదో తెలియదు.

నీ చెల్లెలు,
ఏంజెలిన్.


ఇసకపల్లి,
19 నవంబరు 2024.

చెల్లీ,

జవాబు ఆలస్యమైంది. వానలు పట్టుకున్నాయి. రొయ్యల గుంటల గట్లు తెగుతాయేమోనని మావాడు జడ్సన్ వారం రోజులుగా ఇంటిపట్టున లేడు. వాడు గొడుగు తీసుకుపోయాడో లేదో అని ఒకసారి, తీసుకుపోతే గాలికి ఎగిరిపోయిందేమో అని ఇంకోసారి, అలా గడిచింది నాకు.

సూయజు సంగతి టీవీలో చూశాను. ఉషారాణి చూపించింది. అక్కడికి వద్దులే.

ఉన్న రెండింటిలో అయితే రెండో కాగితం. మధ్యలో దిగవచ్చని రాశావు కదా. నేను అడిగేది ఒకటి. లాకుకి ముందే దిగవచ్చా? ఓడ లాకులోంచి పోతుంటే మనం గట్టున నడిచి, అవతల మళ్లీ ఎక్కితే కుదరదా? ఏజెంటుని అడుగు. నవ్వినా పర్వాలేదు, అడుగు.

నీకు గుర్తులేదు కాబట్టి చెబుతున్నాను. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న పెద్ద రాతి తొట్టి. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీళ్లు వదులుతారు. పడవ పైకి లేస్తుంది, అప్పుడు ముందు తలుపు తీస్తారు. నీళ్లు వదిలేటప్పుడు పడవ ఊరికే ఉండదు, తల విసిరి గోడకి పోతుంది. అందుకని ముందొక తాడు, వెనకొక తాడు గట్టున రాళ్లకి చుట్టి, ఇద్దరు మనుషులు పడవలో నిలబడి బిగించి, వదిలి, పట్టుకోవాలి. మన పడవవాళ్లకి ఒక కట్టుబాటు ఉండేది. లాకు రాగానే ఆడవాళ్లు, పిల్లలు దిగేయాలి. మూటలు నెత్తిన పెట్టుకుని గట్టుమీద నడిచి, అవతల పక్క కూర్చోవాలి. పడవ బయటికి వచ్చాకే ఎక్కాలి. ఏ పడవలోనూ దీన్ని తప్పేవాళ్లు కారు. నాయన అయితే మరీ గట్టి. నాకు నడక వచ్చిన రోజు నుంచి నేర్పాడు. నేను మిగతా పడవల పిల్లలకి కూడా చెప్పేదాన్ని. నన్ను "లాకు టీచరు" అనేవాళ్లు.

అందుకే అడుగుతున్నాను, ముందే దిగవచ్చా అని.

ఇంకేం రాయాలో తోచడం లేదు. చలికి కాళ్లకి మేజోళ్లు వేసుకో.

నీ అక్క,
మగ్దలీనమ్మ.


వేలూరు,
30 నవంబరు 2024.

అక్కా,

ఏజెంటు నవ్వలేదు. మర్యాదగా చెప్పాడు, లాకుకి ముందు ఎవరూ దిగడానికి లేదని. రెండో కాగితంలోనైనా దిగేది మూడు లాకులూ ఎక్కాక చెరువులోనే. మళ్లీ దిగివచ్చేటప్పుడు అవే లాకులు. అంటే లాకు లేని దారి మనకి లేదు.

నీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను. లాకు టీచరు సంగతి నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. అరవై ఏళ్లలో నువ్వు పడవ గురించి ఇన్ని మాటలు చెప్పడం ఇదే మొదలు. తర్వాత బాధపడ్డాను. ఎందుకంటే మాటల మధ్యలో నువ్వు తలుపు మూసేసుకున్నావు, మేజోళ్లు వేసుకోమని చెప్పి.

నేను నిష్ఠూరంగా రాస్తే క్షమించు. అమ్మ జ్వరంతో పోయిందని నా చిన్నప్పుడు చెప్పావు. పెద్దయ్యాక అడిగినా జ్వరమే అన్నావు. నలభై ఏళ్లు నర్సుగా చేశాను అక్కా. ఎన్నో జ్వరాలు చూశాను. ఏ జ్వరమని అడిగితే నువ్వు ప్రతిసారీ లేచి వంటింట్లోకి పోయేదానివి.

నువ్వు వద్దంటే ఇద్దరి పేర్లూ ఇవ్వను. కోపం లేదు. ఇద్దరం కలిసి మహాబలిపురం పోయి సముద్రం చూసి వద్దాం. కాని కారణం మాత్రం రాయి. చెవిలో అరిచి అడగలేను, అందుకే కాగితం మీద అడుగుతున్నాను.

ఏంజెలిన్.


ఇసకపల్లి,
28 డిసెంబరు 2024.

చెల్లీ,

క్రిస్మస్ బాగా జరిగింది. నువ్వు పంపిన చీర కట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. రోజూ రాద్దామని కూర్చుని లేచిపోయాను.

నిన్న జడ్సన్‌ని అడిగి ఆటో మాట్లాడించుకుని ఆ లాకు దగ్గరికి పోయాను. మైపాడు దాటాక వస్తుంది. అరవై అయిదేళ్లయింది నేను అటు పోయి. తలుపులు లేవు, ఎవరో ఇనుముకి అమ్ముకుని ఉంటారు. రాళ్లు ఉన్నాయి. కాలవ నిండా గుర్రపుడెక్క. నీళ్లు కనపడవు. ఒక గట్టున రొయ్యల గుంటలు, ఇంకో గట్టున సరుగుడు తోట. తాడు చుట్టే రాయి మాత్రం అలాగే ఉంది, తాళ్లు ఒరుసుకున్న గాట్లతో. జడ్సన్ "ఏముందమ్మా ఈడ?" అన్నాడు. ఏమీ లేదన్నాను. వాడికి కూడా తెలియదు. నీకే మొదట చెబుతున్నాను.

అమ్మకి జ్వరం రాలేదు.

నాకప్పుడు తొమ్మిది దాటింది. నీకు ఏడాదిన్నర. అది కూడా మార్చి నెలే. పడవ నిండా ఉప్పు బస్తాలు, మద్రాసుకి పోతున్నాం. లాకు వచ్చింది. అమ్మ, నేను, నువ్వు దిగి గట్టుమీదికి వచ్చాం. అమ్మ మూట దించి నా పక్కన పెట్టింది. నాయన పడవని లోపలికి నడిపించాడు. నాయనతో పనిచేసే సుబ్బు ఆ రోజు పడవలో లేడు, ఎందుకో నాకు గుర్తులేదు. నువ్వు ఆకలికి ఏడుస్తున్నావు. కిందనుంచి నాయన ఏదో కేక వేశాడు, నీ ఏడుపులో నాకు అర్థం కాలేదు. అమ్మ అటు చూసి, మళ్లీ నావైపు తిరిగి, "ఒసే, పాప ఉగ్గుగిన్నె పడవలోనే మరిచినావే. పాపని ఎత్తుకో, నేను పొయ్యి తెస్తా" అంది. నేను "వద్దమ్మా, లాకులోకి ఆడోళ్లు పోకూడదు కదా" అన్నాను. "ఒక్క నిముషమే" అని మెట్లు దిగిపోయింది.

నీకు పాలు పట్టే గిన్నె అది. ఇత్తడిది. నేనే ఒకసారి రాతిమీద జారవిడిచి దాని ముక్కుకి ఎడమ పక్క సొట్ట పెట్టాను. పడవ దిగేటప్పుడు గిన్నె తీసుకురావడం నా పని. అమ్మ మూట, నాకు నువ్వూ గిన్నె, అలా పంచుకున్నాం. ఆ రోజు తెచ్చానా లేదా నాకు గుర్తులేదు. చెల్లీ, ఇన్నేళ్లూ తలచుకుంటూనే ఉన్నాను, గుర్తురాదు. అమ్మ మరిచావంది కాబట్టి మరిచే ఉంటాను.

తలుపు మూశారు. నీళ్లు వదిలారు. పడవ వెనక భాగం విసురుగా తిరిగి గోడకి కొట్టుకుంది. అమ్మ పడవకీ గోడకీ మధ్య పడింది. నేను నిన్ను వదిలి పరిగెత్తలేదు. నిన్ను గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నువ్వు ఏడుపు ఆపి నా ముఖంలోకి చూశావు. ఆ దెబ్బ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. చెవులు పోయాయి గాని అది పోలేదు.

నాయన ఆ తర్వాత పడవ అమ్మేశాడు. నెల్లూరులో ఆస్పత్రి వాచ్‌మన్‌గా చేరాడు, అది నీకు తెలుసు. ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ గిన్నె కాలవ అడుగున ఉంది. నేను మరిచిన వస్తువు కోసం అమ్మ పోయింది. తల్లి లేని పిల్లవి నువ్వు నావల్లే అయ్యావు. ఈ మాట నీకు చెప్పలేక జ్వరం అన్నాను.

అప్పటి నుంచి ఇల్లు కదలాలంటే మూడుసార్లు చూసుకుంటాను. అందరూ నవ్వుతారు, నవ్వనీ.

నీ కోపం ఎంత ఉంటే అంత రాయి. ఓడ సంగతి ఇక నీ ఇష్టం.

మగ్దలీనమ్మ.


వేలూరు,
3 జనవరి 2025.

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రెండుసార్లు చదివాను. లేచి బీరువా తీశాను. అడుగు అరలో, నా నర్సు సర్టిఫికెట్ల కింద ఉన్న పొట్లం తీసి విప్పాను. ఇప్పుడు అది నా ముందు బల్లమీద ఉంది. దాని పక్కనే కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

ఇత్తడి ఉగ్గుగిన్నె. ముక్కుకి ఎడమ పక్క సొట్ట ఉంది.

నిదానంగా చదువు. కావాలంటే ఉషారాణిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

1986లో నాయన పోయే ముందు నేను సెలవు మీద వచ్చి ఆస్పత్రిలో పక్కన ఉన్నాను కదా. జడ్సన్‌కి ఆటలమ్మ పోసిందని నువ్వు రాలేకపోయావు. నాయన దిండు కిందనుంచి ఈ గిన్నె తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ ఉగ్గుగిన్నె పాపా. ఆ పొద్దు గట్టుమీద మీ అమ్మ మూటలో దొరికింది. అక్కకి చూపించబాకు, అమ్మ గుర్తొచ్చి ఏడస్తది" అన్నాడు. నేను అలాగే చేశాను. నీకు ఏడుపు తెప్పించకూడదని ముప్పై ఎనిమిదేళ్లు దాచాను.

ఆ మూట నీ పక్కనే ఉంది అక్కా. నువ్వు నన్ను ఎత్తుకుని నిలబడ్డ చోట, నీ కాళ్ల దగ్గర. గిన్నె అందులో ఉంది. నువ్వు మరవలేదు.

నాయన ఇంకా చెప్పాడు. అమ్మ నీళ్లలో పోయిందని నాకు అప్పుడే తెలిసింది. నీకు తెలిసిందే నాకు చెప్పాడనుకున్నాను. అందుకే నీ నోట వినాలని ఎదురుచూశాను. కాలవ యాత్ర ఎంచుకున్నది కూడా కొంత అందుకే. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. "సుబ్బుకి చలిజరం వస్తే మైపాడులో దించేసినా. లాకులో వెనక తాడు పట్టేవోడు లేడు. ఒక పూట ఆగితే సరిపొయ్యేది. వెనక నాలుగు పడవలోళ్లు అరస్తన్నారు, ఉప్పు తడస్తదని నాకు తొందర. నేనే మీ అమ్మని పిలిచినా, వచ్చి తాడు పట్టుకోమని. కట్టుబాటు నేర్పిందీ నేనే, తప్పిందీ నేనే." అమ్మని పైకి తీసినప్పుడు కుడిచేతికి తాడు చుట్టుకునే ఉందట.

నువ్వు విన్న కేక అది. అమ్మ గిన్నె కోసం పోలేదు. తాడు పట్టడానికి పోయింది. నువ్వు లాకు టీచరువి. లోపలికి పోతున్నానంటే నువ్వు చెంగు పట్టుకుని వదిలి ఉండవు. అందుకని నోటికొచ్చిన సాకు చెప్పింది. తిరిగి వచ్చి, మూటలోంచి గిన్నె తీసి, నవ్వుతుందని అనుకుని ఉంటుంది.

ఇది నాకు తెలిసి ఉండి కూడా నీకు చెప్పలేదు. నీకు గిన్నె సంగతి తెలిసి ఉండి నాకు చెప్పలేదు. నాయన ఇద్దరిలో ఒకరికే చెప్పాడు, అది కూడా తప్పు మనిషికి.

గిన్నె పోస్టులో పంపను. పోతుందని నువ్వే అంటావు. నేనే తెస్తాను. జడ్సన్ ఫోనుకి ఫొటో పంపాను, చూడు.

కోపం రాయమన్నావు. నాకు తల్లి లేకుండా పోలేదు అక్కా. నీకే లేకుండా పోయింది.

ఏంజెలిన్.


ఇసకపల్లి,
9 జనవరి 2025.

చెల్లీ,

ఫొటో చూశాను. జడ్సన్ పెద్దది చేసి చూపించాడు. సొట్ట అదే.

రెండు రోజులు మంచం దిగలేదు. ఉషారాణి భయపడి నీకు ఫోను చేసిందట. మొదట నాయన మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం ఎంతసేపు ఉంటుంది. తర్వాత అమ్మ మీద వచ్చింది, అది ఎక్కువసేపు ఉంది. ఇంకేదైనా చెప్పి ఉండవచ్చు కదా, నువ్వు మరిచినావు అనే మాట తప్ప. పాస్టరుగారిని అడుగుదామని చర్చి దాకా పోయి, అడగకుండా వచ్చేశాను.

తర్వాత ఒకటి గుర్తొచ్చింది. జడ్సన్‌కి నాలుగేళ్లప్పుడు సూదిమందు వేయించడానికి అల్లూరు తీసుకుపోతూ, "నీ టోపీ డాక్టరు దగ్గర మరిచినావురా, తెచ్చుకుందాం పా" అని చెప్పి లోపలికి నడిపించాను. టోపీ నా సంచిలోనే ఉంది. అమ్మలందరం ఇలాగే చెబుతాం. మేం బయటికి వస్తాం కాబట్టి ఆ మాట అక్కడితో పోతుంది. అమ్మ బయటికి రాలేదు, అందుకని మాట నా దగ్గర ఉండిపోయింది. అంతే. ఈ సంగతి ఆలోచించాక కోపం తగ్గింది. పూర్తిగా పోలేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

నిన్న చర్చికి పోతూ తాళం వేసి, ఒక్కసారే చూసుకుని వీధిలోకి వచ్చాను. ఆదిశేషమ్మ గోడ మీంచి చూసి, "ఏందమ్మే, ఇంకా రెండుసార్లు బాకీ ఉండాయి" అంది. నవ్వొచ్చింది. పది అడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ చూశాను. అరవై అయిదేళ్ల అలవాటు ఒక్క ఉత్తరానికి పోదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఉషారాణిని మళ్లీ చదవమన్నాను. నాకు కావలసిందల్లా ఒకటే, తాడు ఎవరు పట్టుకుంటారని. రెండో కాగితం ఓడని కొత్త లాకులలో ముందొక పడవ, వెనకొక పడవ కట్టి పట్టుకుంటాయట. పడవ అంటే అందులో మళ్లీ మనుషులు నీళ్లమీద ఉంటారు. నాకు మనసొప్పలేదు. మూడో కాగితంలో గట్టుమీద పట్టాలు, పట్టాల మీద ఇంజన్లు. ముందూ వెనకా, అటూ ఇటూ. వాటికి చలిజ్వరం రాదు, తొందరలేదు. ఎవరినీ కిందికి పిలవనక్కర లేదు. దాన్నే పెట్టు. మూడోది.

ఎవరినీ దిగనివ్వరని రాశావు. మంచిదే. లాకు నిండేదాకా నేను పైన నీ పక్కన కూర్చుంటాను. నాయన చెప్పినట్టు నీళ్లు ఎత్తుకుంటాయేమో ఇద్దరం చూద్దాం. నేను కళ్లు మూసుకుంటే నువ్వు ఏమీ అనవద్దు. పదిహేనో తేదీలోపల ఈ ఉత్తరం చేరుతుందో లేదోనని ఉషారాణితో ఫోనులో కూడా చెప్పిస్తున్నాను. రెండుసార్లు చెప్పమన్నాను.

వచ్చేటప్పుడు మోకాలికి పట్టీ, నీ మాత్రలు, ఊలు శాలువా, అటుకులు, నిమ్మకాయ ఊరగాయ తెచ్చుకో. నిమ్మకాయ ఇక్కడే పెడుతున్నాను, సగం నేను తెస్తాను. సీసా మూతకి గుడ్డ కట్టాలి, కారితే పాస్‌పోర్టులు పాడవుతాయి.

గిన్నె కూడా తీసుకురా. ఓడ ఎక్కే ముందు నేను అడుగుతాను, గిన్నె ఎక్కడుందని. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకు. నాకు వినపడదు కాబట్టి ఉందని నోటితో చెప్పవద్దు. సంచిలోంచి తీసి చూపించు.

నీ అక్క,
మగ్దలీనమ్మ.